ఆమెన్ అనేదాకా

"శనివారం పొద్దుగాల ఆదరణ కూడిక వెట్టుకున్నం. బేస్ తీస్కొని రా" అన్నాడు డేవిడ్ ఫోన్లో. వాళ్ళమ్మ ఎస్తేరమ్మ ఆంటీని భూస్థాపన చేసి అప్పటికి వారం కూడా కాలేదు. నేను ఒక టవర్ పునాది దగ్గర ఇనుము లెక్క సరిచూసుకుంటూ ఉన్నాను. కాంక్రీటు మిక్సరు మోతలో సరిగ్గా వినపడలేదేమో అనుకుని, "ఏం తీసుకుని రావాలి?" అని మళ్ళీ అడిగాను. "నీ గిటారురా. చెద వట్టిందా ఏంది?" అన్నాడు. ఎవరు వాయిస్తారని అడిగితే, మనమే, కీబోర్డుకు ప్రకాశ్ కూడా వస్తున్నాడని చెప్పి, "రూతక్క మాట్లాడ్తదంట" అన్నాడు. నేను చేతిలో కాగితాలు ఇసుక కుప్ప మీద పెట్టేశాను. రూతు డేవిడ్‌కి అక్క, మా బ్యాండులో పాడే మనిషి. పాటలో ఆమెకు తడబాటు లేదు. మాటలో మాత్రం మొదటి అక్షరం దగ్గరే గొంతు పట్టేసేది. ఇంట్లో మాతో అయినా సరే, వచ్చేవరకు ఆగి ఆగి మాట్లాడేది. ఇన్నేళ్ళలో నలుగురి ముందు నిలబడి ఆమె మాట్లాడటం నేను చూడలేదు. వాళ్ళ ఆనవాయితీలో మనిషి పోయాక పెట్టే ఆదరణ కూడికలో పెద్ద బిడ్డ లేచి, అమ్మ ఎట్లా బతికిందో సాక్ష్యం చెప్పాలి. ఆమె బదులు డేవిడ్ చెప్పినా ఎవరూ ఏమీ అనరు. కానీ రూతే చెప్తానన్నదట. "ఒక్కటే అడిగింది. తను ఆగినా మనం ఆగొద్దంట" అన్నాడు డేవిడ్.

ఆ సాయంత్రం బీరువా మీదినుంచి గిటారు దింపాను. పెట్టె తెరవగానే పాత తోలు వాసన, దానితోపాటు ఎక్కడినుంచో గంజి వాసన వచ్చినట్టనిపించింది. గిటారుకు గంజి వాసన ఉండదని నాకు తెలుసు. కానీ ఆ రోజుల్లో మేము వాయించడం మొదలుపెట్టిన ముందుగదిలో ఎప్పుడూ ఆ వాసనే ఉండేది. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి, "ఇది ఇంకా పలుకుతుందా అండీ?" అని అడిగింది. తుప్పు పట్టిన తీగ ఒకటి లాగి వదిలాను. పలికింది, కానీ ఏ స్వరమో చెప్పడం కష్టం.

మా నాన్నకు కాకినాడ నుంచి బదిలీ అయి హైదరాబాదు వచ్చినప్పుడు, ఆఫీసుకు దూరమైనా కిరాయి తక్కువని ఖాజాగూడలో ఇల్లు తీసుకున్నాం. అప్పటికి అది ఊరే. చెరువు, బండలు, గేదెలు, మధ్యమధ్య కొత్తగా కట్టే ఇళ్ళు. దూరాన హైటెక్ సిటీ వైపు క్రేన్లు కనిపించేవి. మా పక్క వాటాలో ఎస్తేరమ్మ ఆంటీ, ఆమె పిల్లలిద్దరూ. ఆంటీ సర్కారు దవాఖానలో నర్సు. భర్త లేడు. పొద్దున డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆమె ఒంటిమీద డెట్టాల్ వాసన గుప్పుమనేది. చెప్పులు బయటే విడిచి, ఎవరితోనూ మాట్లాడకుండా నీళ్ళు కాచుకుని స్నానం చేశాకే, "ఇగ చెప్పుండ్రి, ఏం సంగతి" అని అందరి మధ్యకు వచ్చేది. తెల్ల చీరలు గంజిపెట్టి తీసుకెళ్ళి ఇంటి వెనక బండల మీద ఆరేసేది. ఎండకు అవి అప్పడాల్లా బిగుసుకునేవి. గాలికి ఎగిరిపోకుండా నాలుగు మూలలా రాళ్ళు పెట్టడం పిల్లల పని. ఇస్త్రీ మాత్రం ఎవరికీ ఇచ్చేది కాదు. బొగ్గుల పెట్టెతో తానే చేసుకునేది, పాటలు పాడుకుంటూ.

మా అమ్మకు ఆమెతో స్నేహం కుదరడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. మా ఇంట్లో చేపల పులుసు వండితే ఒక గిన్నె గోడ మీదుగా అటు వెళ్ళేది. వాళ్ళింట్లో క్రిస్మసుకు కేకు చేస్తే మొదటి ముక్క ఇటు వచ్చేది. డిగ్రీ చదువు నేను పక్కన పడేసి పొద్దస్తమానం వాళ్ళింట్లోనే ఉంటున్నానని అమ్మకు బెంగ. "మా వాడు మీ ఇంట్లో చదువుకుంటున్నాడాండీ, వాయించుకుంటున్నాడాండీ?" అని గోడ మీదుగా అడిగేది. "రెండు గాదమ్మా, తింటుండు" అనేది ఆంటీ.

వాయించడం ఎట్లా మొదలైందంటే, కువైట్‌లో నర్సు పని చేసే ఆంటీ చెల్లెలు సెలవుకు వస్తూ ఒక సంచీడు క్యాసెట్లు తెచ్చింది. పేర్లు చెరిగిపోయిన క్యాసెట్లు. అమెరికాలో నల్లవాళ్ళ చర్చిల్లో పాటలట. వాటిలో ఒకటి ఆరాధన పాట కాదు. అదే గొంతుల తీరు, అదే ఆర్గన్, కానీ కింద గిటారు ఎవరో నడుం పట్టుకుని ఊపుతున్నట్టుగా నడిచేది. ఆ క్యాసెట్టు డేవిడ్ అరిగిపోయేదాకా విన్నాడు. దాన్ని ఫంక్ అంటారని ప్రకాశ్ ఎక్కడో చదివి చెప్పాడు. ప్రకాశ్ మందిరంలో కీబోర్డు వాయించేవాడు. డేవిడ్‌కు డ్రమ్ములు వచ్చు. బేస్ గిటారుకు మనిషి లేడు, గిటారూ లేదు. ఉన్న మామూలు గిటారుకు సన్న తీగలు రెండు పీకేసి, మిగిలిన నాలుగూ వదులు చేసి నా చేతికిచ్చారు. "నీకు లెక్కలొస్తయి గద. ఇది లెక్కనే" అన్నాడు డేవిడ్. నేర్పేవాళ్ళు ఎవరూ లేరు. అంకెలు పెట్టుకుని నేనే నేర్చుకున్నాను. ఎనిమిది దెబ్బలు ఒక చుట్టు. మొదటి దెబ్బ మీద అందరం కలవాలి, తర్వాత ఎవరి దారి వారిది, మళ్ళీ మొదటి దెబ్బకు ఇంటికి రావాలి. నాకు సంగీతం రాదని ఇప్పటికీ అనుకుంటాను. ఇంటికి రావడం మాత్రం వచ్చు.

ఆంటీ తన ముందుగది వాడుకోనిచ్చింది, ఒక షరతు మీద. ప్రతి ఆదివారం మందిరంలో సాక్ష్యాల కింద మేము వాయించాలి. మందిరం అంటే రేకుల కప్పు, సున్నం గోడలు, కింద జంపఖానాలు, గోడ వారగా పెద్దవాళ్ళకు కుర్చీలు. ప్రసంగానికి ముందు ఎవరో ఒకరు లేచి, ఆ వారం తమకు జరిగిన మేలు గురించో, కష్టం గురించో చెప్పేవారు. చెప్పేవాళ్ళ గొంతు కింద కీబోర్డు మెల్లగా పలుకుతూ ఉండాలి. ఎంతసేపు చెప్తారో ఎవరికీ తెలియదు. ఒకాయన రెండు ముక్కల్లో ముగించేవాడు. ఇంకొకామె గేదె ఈనిన సంగతి మొదలుపెట్టి, తోడికోడలి దగ్గరికి వెళ్ళి, మళ్ళీ గేదె దగ్గరికి వచ్చేది. మాకు నియమాలు రెండే. చెప్పే మనిషి గొంతును దాటి పెంచకూడదు, ఆ మనిషి ఆమెన్ అనేదాకా ఆపకూడదు. క్యాసెట్టులో విన్న ఆ ఊపును మేము నేర్చుకున్నది ఇక్కడే. ఒకటే స్వరం, రెండే స్వరాలు, అవే తిప్పి తిప్పి, విసుగు రాకుండా, మనిషి అడుగు కింద జంపఖానాలా పరుస్తూ పోవడం.

మొదట్లో నాకు అది చేతకాలేదు. నాలుగు చుట్లు అయ్యాక స్వరం మార్చాలని నా లెక్క. సరిగ్గా ఆ క్షణాన చెప్పే మనిషికి ఏడుపు వచ్చేది. నేను మార్చేసేవాణ్ణి. ఒక ఆదివారం భోజనాల దగ్గర ఆంటీ నా విస్తట్లో చారు పోస్తూ, "ఏం బిడ్డా, మనిషి మాట్లాడ్తుంటే నువ్వు అంకెలు వింటున్నవా, మనిషిని వింటున్నవా?" అంది. "లెక్క తప్పుతుందేమోనని ఆంటీ" అన్నాను. "లెక్క నీ కాడనే ఉండనియ్. ఊపిరి ఆమె కాడ ఉంటది. అది చూసి స్వరం మార్చు" అంది. తర్వాత గొంతు తగ్గించకుండా, రూతు ఎదురుగానే కూర్చుని ఉండగా అంది: "మా రూతు ఒకనాడు లేచి మాట్లాడ్తది. ఎంత టైం వడ్తదో నాకెర్క లేదు. ఆ దినం మీరు నడుమల ఆపిండ్రంటే నేనూకోను." రూతు తల వంచుకుని అన్నం కలుపుకుంటూ నవ్వింది.

మమ్మల్ని పరీక్షించడానికే అన్నట్టు ఒకసారి ఆంటీ తన సాక్ష్యం చెప్పి, ఆమెన్ అనకుండానే వెళ్ళి కూర్చుంది. ఆమెది మూడో కిటికీ కింద కుర్చీ. మేము వాయిస్తూనే ఉన్నాం. ఆమె కొంగు సర్దుకుంది. సీసా మూత తీసి నీళ్ళు తాగింది. పక్కనున్న ముసలామె కళ్ళజోడు తీసుకుని తుడిచి ఇచ్చింది. జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. పాస్టరుగారిని అక్కడ అయ్యగారు అంటారు. ఆయన బైబిలు తెరిచి పట్టుకుని నిలబడే ఉన్నారు. డేవిడ్ చెమటలు కక్కుతున్నాడు, నా వేలి చివర పొక్కింది. చాలాసేపటికి కుర్చీలోంచే, ఏమీ ఎరగనట్టు, "ఆమెన్" అంది. ఇంటికొచ్చాక డేవిడ్ దెబ్బలాడాడు. "యాదికి లేదు బిడ్డా" అంది ఆంటీ. అబద్ధమని అందరికీ తెలుసు.

బ్యాండుకు 'అయిదు రొట్టెలు' అని పేరు పెట్టింది కూడా ఆమే, బైబిల్లో అయిదు రొట్టెలు, రెండు చేపలతో వేలమంది కడుపు నిండిన కథలోంచి. నలుగురమే కదా అని ప్రకాశ్ అంటే, "అయిదోది మాట్లాడేటోళ్ళది" అంది. బయట వాయించడం మొదలుపెట్టాక ప్రతిచోటా, రొట్టెలు సరే, చేపలేవి అని అడిగేవాళ్ళు. డేవిడ్ నన్ను చూపించి, "గీడే, కాకినాడ చేప" అనేవాడు. అదే పేరు చాలాకాలం నాకు నిలిచిపోయింది.

హైటెక్ సిటీలో అద్దాల భవనాలు లేచాక, శుక్రవారం సాయంత్రాలు కంపెనీల క్యాంటీన్లలో పాటల కార్యక్రమాలు పెట్టేవాళ్ళు. మందిరానికి వచ్చే ఒకబ్బాయి అక్కడ పని చేస్తూ మమ్మల్ని పిలిపించాడు. రూతును బయట పాడనివ్వడానికి ఆంటీ ఒప్పుకుంది, కాకపోతే తానూ వచ్చింది. గంజి పెట్టిన తెల్ల చీరలో ముందు వరసలో, పిజ్జాలు తినే కుర్ర ఉద్యోగుల మధ్య నిటారుగా కూర్చుంది. రూతు పాడింది. మందిరంలో పాడే గొంతే, కింద మా ఊపు. కుర్చీలు పక్కకు జరిపి పిల్లలు ఆడటం మొదలుపెట్టారు. మూడు పాటలయ్యాక పాట పాటకూ నడుమ ఏదో ఒకటి మాట్లాడమని నిర్వాహకుడు రూతుకు సైగ చేశాడు. ఆమె మైకు పట్టుకుంది. పెదవులు కదిలాయి. నేను ఆంటీ వైపు చూశాను. ఆమె ఎటూ తల ఊపలేదు, ముఖం కూడా మార్చలేదు, ఊరికే చూస్తూ కూర్చుంది. రూతు తల అడ్డంగా ఊపి, ఇంకో పాట ఎత్తుకుంది.

ఆ తర్వాతే కంపెనీ పెద్దసారు వేదిక ఎక్కి మైకు తీసుకున్నాడు. మా అలవాటు ఎట్లాంటిదంటే, ఒక మనిషి మైకు పట్టుకుని మాట మొదలుపెడితే మా చేతులు వాటంతట అవే కదిలేవి. ప్రకాశ్ మొదలుపెట్టాడు, నేను అందుకున్నాను, డేవిడ్ అంచుల మీద తట్టాడు. పెద్దసారు ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. నిర్వాహకుడు గొంతు మీద చేయి అడ్డంగా ఆడించి ఆపమని సైగ చేస్తున్నాడు. ఆమెన్ రాకుండా ఎట్లా ఆపుతాం? పెద్దసారు ఈ మూడు నెలల్లో కంపెనీ ఎంత పెరిగిందో చెప్పాడు. "స్తోత్రం" అంది ఆంటీ, పైకే. జనం నవ్వారు, చప్పట్లు మొదలయ్యాయి. ఆయనా మనిషే కదా, కింద ఊపు ఉంటే మాట దానికదే సాగుతుంది. చేతులు తిప్పుతూ మాట్లాడసాగాడు. చివరికి రాత్రి డ్యూటీ వాళ్ళకు క్యాబులు తగ్గిస్తున్నామని చెప్పాడు. చప్పట్లు ఆగిపోయాయి. ముందు వరసలోంచి ఆంటీ గొంతు స్పష్టంగా వినపడింది: "దేవుడు చూస్తడు." హాలంతా గొల్లుమంది. ఆయన కూడా నవ్వి, ఆ సంగతి మళ్ళీ ఆలోచిస్తామన్నాడు. ఏం ఆలోచించారో నాకు తెలియదు. ఆయన ఆమెన్ అనలేదు గనక మేము ఇంకా వాయిస్తూనే ఉంటే, ఆంటీయే ఆయన తరఫున అనేసింది.

ఇక మా పని అయిపోయిందనుకున్నాం. మర్నాటినుంచి ఫోన్లు మొదలయ్యాయి. పాటలు సరే, మా పెద్దసారు మాట్లాడేటప్పుడు కూడా వాయిస్తారా అని. కొన్నేళ్ళపాటు మాదాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా మేము ఎక్కని వేదిక లేదనిపించేది. ఎందరో పెద్దసార్ల మాటల కింద జంపఖానాలు పరిచాం. సికింద్రాబాదులో ఎవరో అమ్మితే నిజమైన బేస్ గిటారు కొనుక్కున్నాను. ఒక సీడీ కూడా చేశాం. దాన్ని మందిరం బల్ల మీద పచ్చళ్ళ సీసాల పక్కన పెట్టి అమ్మారు. పచ్చళ్ళే ముందు అయిపోయాయి. స్టూడియో ఆయన ప్రతి పాటకూ, "ఎంతలో ముగిస్తారు?" అని అడిగేవాడు. మాకు ముగించడం ఆమెన్‌తోనే తెలుసు. అందుకే సీడీలో మా పాటలన్నీ తలుపు మధ్యలో వేసేసినట్టుగా అయిపోతాయి.

తర్వాత ఎవరో మా ఊపునే రికార్డు చేసి కంప్యూటరులో పెట్టుకున్నారు. మీట నొక్కితే మొదలు, మీట నొక్కితే ఆగిపోవడం. నలుగురు మనుషులూ, వాళ్ళతో పాటు ఒక నర్సమ్మా అక్కర లేకుండా పోయారు. కోపం రాలేదని చెప్పను. కానీ అప్పటికే మాకూ బతుకులు మొదలయ్యాయి. రూతు బడిలో పాటల టీచరుగా చేరింది. ప్రకాశ్ జీడిమెట్లలో మందుల కంపెనీకి వెళ్ళాడు. డేవిడ్ క్యాబులు పెట్టుకున్నాడు. వాయిద్యం లాగే అంచనాలు కట్టడం కూడా ఎవరూ నేర్పకుండానే నేర్చుకుని నేను కట్టుబడి పనుల్లో పడ్డాను. బ్యాండు ఆగిపోతున్నదని ఎవరూ ప్రకటించలేదు. ఒక శుక్రవారం ఎవరూ పిలవలేదు, అంతే.

శనివారం పొద్దున ఖాజాగూడ వెళ్ళాను. చెరువు ఉంది, చుట్టూ కంచె వేశారు. చీరలు ఆరేసిన బండలు సగం ఉన్నాయి, మిగతా సగం చోట పార్కింగు. మందిరానికి రేకులు పోయి స్లాబు వచ్చింది. దాని మీదికి వంగినట్టు రెండు వైపులా అద్దాల టవర్లు. లోపల ఎంత కాంక్రీటు పడిందో అలవాటుగా అంచనా కట్టుకున్నాను. కొత్త అయ్యగారు కుర్రవాడు. గోడ మీద పెద్ద గడియారం పెట్టించాడు. కిటికీలు మాత్రం మార్చలేదు. మూడో కిటికీ కింద ఒక ఖాళీ కుర్చీ ఉంది. అందులో ఎవరూ కూర్చోలేదు. డేవిడ్ జుట్టు తెల్లబడింది. నా గిటారు చూసి, "చేప ఇంకా బతికే ఉన్నదిరో" అన్నాడు ప్రకాశ్‌తో. ముగ్గురం కూర్చున్నాం. ముందుగా కలిసి వాయించి చూసుకోవడానికి టైం లేదు.

రూతు లేచింది. మైకు రెండు చేతుల్తో పట్టుకుంది. ప్రకాశ్ మొదలుపెట్టాడు. నేను కలిశాను. డేవిడ్ కర్రలు పక్కన పెట్టి వేళ్ళతో తోలు మీద తట్టాడు. ఆమె పెదవులు కలిశాయి, విడలేదు. ఒక చుట్టు వెళ్ళి వచ్చింది. ఇంకోటి. గొంతు దగ్గర నరం కదులుతోంది. నా లెక్క నాలోపల నడుస్తూనే ఉంది, అది ఆగే లెక్క కాదు. స్వరం మార్చాల్సిన చోటు వచ్చింది, వెళ్ళిపోయింది, మళ్ళీ వచ్చింది. నేను ఆమె భుజాల వైపే చూస్తూ ఉన్నాను. వెనక ఎవరో చప్పట్లు అందుకున్నారు, మెల్లగా. కొత్త అయ్యగారు మంచితనం కొద్దీ ముందుకు వంగి, "మా అమ్మగారు..." అని అందించబోయాడు. డేవిడ్ తల పైకెత్తి చూసిన చూపుకు మళ్ళీ వెనక్కి జరిగాడు. అప్పుడు రూతు భుజాలు దిగాయి. ఊపిరి వచ్చింది. నేను స్వరం మార్చాను.

"మా అమ్మ" అంది. ఆగింది. ఊపు మీద అడుగు వేసినట్టు మళ్ళీ అంది. "మా అమ్మ చీరలు బండల మీద ఆరేసేది." అక్కడినుంచి మెల్లగా, ఆగి ఆగి, ఒక్కో మాటా తానే తెచ్చుకుంటూ చెప్పింది. గంజి గురించి, డ్యూటీ గురించి, పెద్దసారు మీటింగులో స్తోత్రం అన్న సంగతి కూడా. జనం నవ్వారు. తర్వాత అంది: "చిన్నప్పుడు నేను మాట్లాడబోతే అందరూ నా మాట వాళ్ళే అనేటోళ్ళు. పాపం పిల్ల పరేషాన్ అయితున్నదని. మా అమ్మ ఒక్కతే అందియ్యలే. కూర అడుగంటుతున్నా, డ్యూటీకి లేటయితున్నా, నిలవడి చూసేది. నా మాట నన్నే అననిచ్చింది." ప్రకాశ్ కళ్ళజోడు జారిపోతోంది. సర్దుకోవడానికి వాడికి చేయి ఖాళీ లేదు.

ఆమె చాలాసేపు మాట్లాడింది, వాళ్ళమ్మ మాట్లాడినంత సేపు. బయట భోజనాల గిన్నెలు దించుతున్న చప్పుడు, బిర్యానీ వాసన లోపలికి వచ్చాయి. చెప్పాల్సింది అయిపోయింది. రూతు మైకు స్టాండులో పెట్టింది. జంపఖానాల మధ్యనుంచి నడిచి వెళ్ళి మూడో కిటికీ కింద ఖాళీ కుర్చీలో కూర్చుంది. ఆమెన్ అనలేదు. మరిచిపోయిందేమో అనుకున్నాను. ఆమె కొంగు సర్దుకుంది. కుర్చీ కింద సీసా అందుకుని, మూత తీసి, తొందరేమీ లేకుండా నీళ్ళు తాగింది. తర్వాత మా ముగ్గురి వైపూ చూసింది.

"అమ్మ లెక్కనే చేసిందిరా" అన్నాడు డేవిడ్ పళ్ళ సందునుంచి. కొత్త అయ్యగారు గడియారం వైపు చూశాడు, బైబిలు తెరిచాడు, మళ్ళీ మూశాడు. గిన్నెల మూతలు మళ్ళీ పెట్టేస్తున్న చప్పుడు వినిపించింది. నా వేలి చివర మండటం మొదలైంది. రూతు, పక్కనున్న ముసలామె దగ్గర కళ్ళజోడు తీసుకుని, తన కొంగుతో తుడవసాగింది. నేను చుట్టు తిరిగి మొదటి దెబ్బకు వచ్చాను.